రెండో సగం

ఆ బ్యాండుకి మొదటి సగం ఎప్పుడూ బాగానే వచ్చేది. పేచీ అంతా రెండో సగంతోనే.

బీరు కాచే కార్ఖానా మీద ఉన్న పొడవాటి గదిలో వాళ్ళు వారం వారం సాధన చేసేవాళ్ళు. కింద రాగి గుండిగలు, స్టీలు ట్యాంకులు, వాటి పక్కన నాలుగు బల్లలు వేసిన చిన్న హాలు. పైన మడత కుర్చీలు, కిటికీ పక్కన పెద్ద డ్రమ్ము. సాయంత్రం అవగానే ఒక్కొక్కరే మెట్లెక్కి, వాయిద్యాలు తుడుచుకుని, బుద్ధిగా కూర్చునేవాళ్ళు. మొదటి గంట పాట ఇస్త్రీ చొక్కాలా ఎక్కడా ముడత లేకుండా సాగేది. తర్వాత విరామం. అందరూ కింద హాల్లోకి దిగి, తలా రెండు గ్లాసులు పుచ్చుకుని, మళ్ళీ పైకి వచ్చేవాళ్ళు. ఇక అక్కణ్ణించి ఎవరి దారి వాళ్ళదే. ట్రంపెట్టు వాయించే పళ్ళ డాక్టరు తన వంతు రాకముందే అందుకునేవాడు, తీరా వంతు వచ్చేసరికి మరిచిపోయేవాడు. క్లారినెట్లు వాయించే ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వడం మొదలుపెడితే, ఊపిరి గొట్టంలోకి వెళ్ళడం మానేసేది. పెద్ద డ్రమ్ము మాత్రం ఎవరితోనూ సంబంధం లేకుండా, తనకి తోచినప్పుడు, తనకి తోచినంత గట్టిగా మోగేది.

ఆ డ్రమ్ము వాయించేది మామగారు. అందరూ తాగొచ్చిన ఆ బీరూ ఆయన చలవే.

మోకాళ్ళు మొరాయించాక కార్ఖానా పని ఆయన కోడలి మీద పడింది. కొడుకు మీద కాదు. కొడుకు మంచివాడే గాని, గుండిగ దగ్గర నిలబెడితే అది పొంగి పొయ్యి ఆరిపోయేదాకా ఫ్లూటు వాయించుకుంటూ ఉండే రకం. అందుకని అతన్ని హాల్లో గ్లాసులు అందించే పనిలో పెట్టారు. కోడలు పెళ్ళికి ముందు ఒక బేకరీలో పనిచేసింది. పొంగడం, పులవడం ఆమెకి కొత్త సంగతులు కావు. మామగారు పని నేర్పాడు, కసిరాడు, మెచ్చుకోవాల్సిన చోట "ఊఁ" అన్నాడు, చివరికి తాళాలు చేతిలో పెట్టి పెత్తనం తప్ప అన్నీ వదిలేశాడు.

ఆయన బీరు పేరు పిడుగు. పేరుకి తగ్గ సరుకే. నల్లగా, మాడిన చక్కెర వాసనతో, గొంతు దిగేదాకా మెత్తగా ఉండి, దిగాక వీపు మీద చరిచేది. ఎనిమిది శాతం మత్తు. దాన్ని కాచడం కోడలికి ఎంత బాగా వచ్చినా, తాగడం మాత్రం చేతనయ్యేది కాదు. పగలు రుచి చూసి ఉమ్మేసేది, ఎందుకంటే పీపాలు వేసుకుని వ్యాను నడపాల్సింది ఆమే. సాయంత్రం కూర్చుని తాగుదామంటే అరగ్లాసుకే కళ్ళు మూతలు పడేవి. ఆమెకి హాల్లో కబుర్లంటే ప్రాణం. పళ్ళ డాక్టరు తన దగ్గరికొచ్చే రోగుల సంగతులు గమ్మత్తుగా చెప్పేవాడు. కానీ ఆ కథల్లో ఒక్కదాని ముగింపు కూడా ఆమె వినలేదు. తను మేలుకుని ఉన్నప్పుడు చెప్పేవాడు దారి తప్పేవాడు. చెప్పేవాడు దారిలో ఉన్నప్పుడు తను కునుకు తీసేది.

బ్యాండు నడిపేది ఎదురు వీధిలో ఉండే టైలరు. కత్తెర పట్టినా, బ్యాండు ముందు పుల్ల పట్టినా అందరికీ ఆయన మాస్టారే. మామగారూ ఆయనా చిన్నప్పటి స్నేహితులు, అంటే రోజూ పోట్లాడుకునేవాళ్ళు. వాళ్ళ బ్యాండు వాయించే పెద్ద పాట మాస్టారు సొంతంగా కట్టిందే. దాని పేరు 'రాకపోకలు'. కొత్త వంతెన తెరిచిన రోజున దాన్ని వాయించారు. మొదటి సగానికి జనం చప్పట్లు కొట్టారు. విరామం తర్వాత రెండో సగం అందుకోగానే వంతెన మీద నడుస్తున్నవాళ్ళు ఏదో ప్రమాదం జరిగిందనుకుని సగం మంది ముందుకీ సగం మంది వెనక్కీ పరిగెత్తారు. ఆ గలాటాలో పెద్ద డ్రమ్ము పట్టీ ఊడి వాలు మీద దొర్లుకుంటూ పోయింది. మామగారు దాని వెంట పడ్డాడు. దొర్లుతున్నదాన్ని కూడా వదలకుండా రెండు వాయించాడని చూసినవాళ్ళు చెప్తారు.

అలాంటి బ్యాండుకి మళ్ళీ పిలుపొచ్చింది. రైల్వే స్టేషనుకి కొత్త హాలు కట్టారు, తెరిచే రోజున 'రాకపోకలు' వాయించాలన్నారు. పేరు నచ్చి అడిగారో, వంతెన సంగతి తెలియక అడిగారో ఎవరికీ అర్థం కాలేదు. ఆ కబురు చదివి వినిపించాక మాస్టారు పుల్లతో కుర్చీ వీపు మీద కొట్టాడు.

"ఒక్కటే షరతు. ఇవాళ్టి నుంచి విరామంలో మంచినీళ్ళే."

"మంచినీళ్ళు బాతులు తాగుతాయి," అన్నాడు మామగారు.

"బాతులు నీకన్నా తాళంలో ఉంటాయిరా!"

"నా బీరుకి వంక పెడుతున్నావా?"

"నీ బీరుకి కాదు. నీ బీరు తాగాక నువ్వు చేసే చప్పుడుకి."

మామగారు డ్రమ్ము కర్రలు జేబులో పెట్టుకుని లేచాడు. మోకాళ్ళు కిర్రుమన్నా దర్జాగానే మెట్లు దిగాడు. ఆయన వెనకాల పళ్ళ డాక్టరు, ఆయన వెనకాల క్లారినెట్ల అక్కచెల్లెళ్ళలో చెల్లెలు, ఇంకో ముగ్గురు. అక్క మాత్రం కదల్లేదు. కోడలు కిందనుంచి చూసేసరికి పైన సగం బ్యాండు, కింద సగం బ్యాండు, నడి మెట్టు మీద ఆమె మొగుడు. ఓ చేతిలో ఫ్లూటు, ఓ చేతిలో గ్లాసు.

"ఏవండీ, మీరు ఎటు?" అని అడిగింది.

"ఆలోచిస్తున్నా," అన్నాడతను. రెండు వారాలు అలాగే ఆలోచించాడు.

ఆ రెండు వారాల్లో పైనుంచి సగం పాట, కిందనుంచి గొణుగుడు వినిపించాయి. అక్కచెల్లెళ్ళు ఇంట్లో కూడా మాట్లాడుకోవడం లేదని తెలిసింది. హాల్లోకి ఎప్పుడూ మామగారిని ఇంటికి లాక్కెళ్ళడానికి తప్ప రాని అత్తగారు, ఓ సాయంత్రం గుమ్మంలో నిలబడి అందరినీ ఓసారి చూసి, కోడలి పక్కకి వచ్చింది.

"వీళ్ళకి కావలసింది మత్తు కాదే. ఓ గ్లాసు పట్టుకుని కూర్చోవడం. చేతిలో గ్లాసు లేకపోతే మగాళ్ళకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు."

"మరి మీరెప్పుడూ కూర్చోరేం అత్తయ్యా?"

"కూర్చుని ఏం చెయ్యను? రెండో గ్లాసుకి చెప్పిందే చెప్తారు, మూడో గ్లాసుకి ఏం చెప్పారో నన్నడుగుతారు."

కోడలు ఆ మాటని ట్యాంకులు కడుగుతూ నమిలింది. చేతిలో పట్టుకోవడానికి నిండు గ్లాసు, అందులో బీరు రుచి, వాసన, నురగ, చేదు అన్నీ ఉండాలి. కానీ మనిషి మనిషిలాగే మిగలాలి. అలాంటిది కాయలేమా?

మొదటి ప్రయత్నం బద్ధకంతో చేసింది. పిడుగులో నీళ్ళు కలిపి మొగుడికి ఇచ్చింది. అతను ఓ గుక్క తాగి తల వంచి చెవి ఒగ్గినట్టు నిలబడ్డాడు.

"ఎలా ఉంది?"

"బీరు పక్కింట్లో ఉన్నట్టుంది. ఇక్కడికి వాసనొస్తోంది అంతే."

రెండోసారి పట్టుదలగా కూర్చుంది. బార్లీ తగ్గించి, చిక్కదనం కోసం ఓట్సు దండిగా పోసింది. ఈసారి అత్తగారికి ఇచ్చింది. ఆవిడ గ్లాసు వంచింది. ఏమీ రాలేదు. ఇంకాస్త వంచింది. అంతా ఒక్కసారే వచ్చింది.

"దీనికి చెంచా ఇవ్వాలే అమ్మా," అంది మీసం తుడుచుకుంటూ. ఆవిడకి మీసం లేదు, నురగ మీసం.

మూడోసారి కోడలు తొందరపడలేదు. పిడుగుకి ఆ నిండుతనం ఎక్కణ్ణించి వస్తోందా అని ఆలోచించింది. బార్లీని వేణ్ణీళ్ళలో నానబెట్టినప్పుడు చక్కెర దిగుతుంది. ఆ చక్కెరని ఈస్టు తింటుంది, తిన్నదంతా మత్తు అవుతుంది. నీళ్ళు మామూలుకన్నా బాగా వేడిగా ఉంటే ఈస్టుకి నోరు పట్టని రకం చక్కెర ఎక్కువ దిగుతుంది. అది తినకుండా వదిలేసిందంతా బీరులో నిండుతనంగా మిగిలిపోతుంది. బేకరీలో ఇలాంటి ఈస్టుతోనే రోజూ బేరాలాడిన మనిషికి ఇది తట్టడానికి ఇన్నాళ్ళు పట్టినందుకు తనని తనే తిట్టుకుంది. గింజలు తక్కువ పోసింది, కానీ దోరగా వేయించిన గింజలు ఎంచి పోసింది. వాసనకి వేసే హాప్స్ పువ్వుల్ని మరిగించకుండా, బీరు పులిసి చల్లబడ్డాక ట్యాంకులో వేసి ఊరనిచ్చింది.

ట్యాంకు కుళాయి తిప్పిన సాయంత్రం ఆమె పీపాలన్నీ ఇచ్చి వచ్చి, వ్యాను తాళాలు మేకుకి తగిలించింది. ముదురు బంగారు రంగులో వచ్చింది బీరు. నారింజ తొక్క వాసన, కోసిన గడ్డి వాసన, కింద ఎక్కడో రొట్టె పెచ్చు వాసన. ఓ గుక్క వేసి అలవాటు కొద్దీ ఉమ్మబోయి ఆగింది. మింగింది. గ్లాసు పూర్తయింది. ఇంకో గ్లాసు పట్టింది. ట్యాంకు పక్కన పీట మీద కూర్చుని రెండోదీ తాపీగా తాగి, లేచి, నేల కడిగి, లెక్కగా ఏ గొట్టం ఎక్కడుండాలో అక్కడ పెట్టింది. కళ్ళు మూతలు పడలేదు. రెండున్నర శాతం. ఆమెకి నవ్వొచ్చింది. ఎవరూ లేరు గదాని గట్టిగానే నవ్వింది.

మామగారికి సంగతి ఎలా తెలిసిందో చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో కొడుకు కడుపులో మాట దాగదు. మర్నాడు మధ్యాహ్నం మామగారు కుళాయి కారుతోందేమో చూద్దామన్నట్టు కార్ఖానాలోకి వచ్చాడు. ఏ కుళాయీ కారడం లేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏదో నీళ్ళబీరు కాస్తున్నావట."

"చూస్తారా మావయ్యా?"

"చూడను. వాసన చూస్తాను."

వాసన చూశాడు. కనుబొమ్మ ఒకటి పైకి లేచింది. దాన్ని బలవంతాన దించాడు.

"పైకి బాగానే ముస్తాబయింది. లోపల ఏముంటుంది? చినుకు. పిడుగు పడాల్సిన చోట చినుకు."

"అయితే పేరు మీరే పెట్టేశారు. చినుకు."

"వెక్కిరిస్తే పేరంటావేం!" అని ఆ విసురులోనే ఓ గుక్క తాగాడు. తర్వాత కోడలు చూడనట్టు చూస్తూనే ఉంది. మొదటి గ్లాసు తాగినంతసేపూ దాని రంగుని తిట్టాడు. పిడుగు నల్లగా ఉంటుంది, ఇదేమిటి తేనీరులా. రెండో గ్లాసుకి నురగని తిట్టాడు. ఉండాల్సిన దానికన్నా త్వరగా దిగిపోతోందన్నాడు, అది నిజమే. మూడో గ్లాసు మధ్యలో ఆగి, నారింజ వాసన కాస్త ముందుకొస్తోంది, పువ్వులు ఒక రోజు తక్కువ ఊరాల్సిందన్నాడు. నాలుగో గ్లాసుకి కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. కోడలు నిద్రపోయాడేమో అనుకుంది.

"అమ్మాయ్."

"ఆఁ మావయ్యా."

"ఇంకోటి పొయ్యి. ఏదో తక్కువైంది, పట్టుకోలేకపోతున్నా."

పోసింది. ఆయన గుక్క నోట్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి మింగాడు.

"దొరికింది. చూడు, ఇది నోట్లోకి వచ్చింది, కూర్చుంది, కబుర్లు చెప్పింది. కానీ వెళ్ళొస్తానని చెప్పకుండా వెళ్ళిపోయింది. చివర్లో కాస్త చేదు తగలాలి. మరీ కాదు, గుమ్మం దగ్గర ఆగి చెయ్యి ఊపినంత. ఓ గుప్పెడు నల్లగా మాడ్చిన బార్లీ పడెయ్యి. చేదు పువ్వులు మరుగు మొదట్లోనే ఇంకాసిని వెయ్యి."

కోడలు చేతిలో గుడ్డ ఆగిపోయింది. అది అక్షరాలా నిజం. తనకి నాలిక చివర ఉండి మాటకి అందనిది అదే.

ఆయన కూడా ఏదో ఆలోచనలో పడ్డాడు. ఖాళీ గ్లాసు వంక అనుమానంగా చూశాడు.

"ఇది ఎన్నోది?"

"అయిదోది మావయ్యా."

"అయిదా? మరి నేను పాడటం లేదేం?"

"ఏమో మావయ్యా."

"అయిదో గ్లాసుకి నా నాలిక ఇంత పనిచేస్తుందని నాకెప్పుడూ తెలీదే!" ఆయన గొంతులో కోపం లేదు, విడ్డూరం ఉంది. "నేను పిడుగు కాచినన్నాళ్ళూ రెండో గ్లాసు దాటాక దాని రుచేమిటో నాకే తెలిసేది కాదు. ఆ మాట మీ అత్తయ్యకి చెప్పకు."

"చెప్పను."

"ఆ టైలరుగాడికి అసలు చెప్పకు. డ్రమ్ము దగ్గరికి పైకెక్కుతాను. కానీ నేను తగ్గి ఎక్కినట్టు కాదు. కొత్త బీరుని పరీక్షించడానికి ఎక్కినట్టు."

ఆయన చెప్పినట్టే కోడలు ఇంకో కాపు కాచింది. సాధన రోజున విరామంలో అందరినీ హాల్లో కూర్చోబెట్టి, ఇది ఎంత శాతమో, ఎందుకు కాచిందో దాపరికం లేకుండా చెప్పి మరీ పోసింది. పళ్ళ డాక్టరు ముందు మొహం వేలాడేశాడు, ఓ గుక్క తాగాక వేలాడేసిన మొహం దానంతటదే ఎత్తుకుంది. మాస్టారు మంచినీళ్ళ గ్లాసుతో దూరంగా నిలబడి, చివరికి ఉండబట్టలేక ఓ గ్లాసు అడిగి పుచ్చుకున్నాడు. "ఫరవాలేదు. బట్ట పల్చనే గాని నేత గట్టిది," అన్నాడు. అక్కచెల్లెళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.

అందరూ పైకెక్కారు. కోడలు కూడా వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. మాస్టారు పుల్ల ఎత్తాడు.

ఆ సాయంత్రం 'రాకపోకలు' రెండో సగాన్ని, అది పుట్టాక మొట్టమొదటిసారి, రాసింది రాసినట్టు వాయించారు. ట్రంపెట్టు తన వంతుకే అందుకుంది. క్లారినెట్లు నవ్వలేదు. డ్రమ్ము ప్రతి దెబ్బా పడాల్సిన చోటే పడింది.

భరించలేకుండా ఉంది.

ముందు కోడలు తన చెవులనే అనుమానించింది. పాట ఓ చోట మొదలై, చుట్టూ తిరిగి, అక్కడికే వచ్చి, మళ్ళీ చుట్టూ తిరిగింది. మధ్యలో ట్రంపెట్టు కుట్టుమిషనులా టకటకమంటూ చాలాసేపు ఒకే స్వరాన్ని పొడిచింది. ముగింపు వచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకునేలోపు ఇంకో ముగింపు వచ్చింది. దాని తర్వాత మరొకటి. చివరి దెబ్బ పడ్డాక గదిలో ఎవరూ ఎవరి వంకా చూడలేదు.

"మాస్టారూ," అన్నాడు పళ్ళ డాక్టరు మెల్లగా. "మేం సరిగ్గానే వాయించామా?"

"వాయించారు."

"అంతా?"

"అంతా."

మామగారు డ్రమ్ము మీదనుంచి తొంగి చూశాడు. ఇన్నాళ్ళ నింద తొలగిన వెలుగు ఆయన మొహంలో మెరిసింది. "అంటే, ఇన్నేళ్ళూ నా పిడుగే నీ పాటని కాపాడిందన్నమాట!"

గది గొల్లుమంది. మాస్టారు మాత్రం పుల్లని జేబులో పెట్టుకుని కిందికి దిగిపోయాడు.

నవ్వు టక్కున ఆగింది. నలుగురినీ ఒకచోట కూర్చోబెడదామని కాచిన బీరు, ఓ పెద్దమనిషిని నలుగురిలో దోషిలా నిలబెట్టింది. కోడలు ఆయన వెనకాలే దిగి వెళ్ళింది. మాస్టారు హాల్లో మూల బల్ల దగ్గర, మెడలో ఉన్న కొలత టేపుని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆమె రెండు గ్లాసుల్లో చినుకు పోసి ఎదురుగా కూర్చుంది.

"రెండో సగం నేనెప్పుడూ వినలేదమ్మా," అన్నాడు గ్లాసు దగ్గరికి జరుపుకుంటూ. "వాళ్ళు పాడుచేస్తున్నారనుకున్నాను గాని, పాడుచేయడానికి అందులో ఏముందో చూసుకోలేదు."

"మొదటి సగం అంత బాగుంది గదా మాస్టారూ. అది రాసింది మీరే గదా?"

"అది మా కొట్లో కూర్చుని, పొద్దున పూట రాశాను. సగం అయ్యాక..." ఆయన తల గోక్కున్నాడు. "సగం అయ్యాక విరామం తీసుకున్నాను. ఇదే బల్ల దగ్గర. మీ మావయ్య పిడుగు పోశాడు. మిగతా సగం ఇక్కడే, ఒక్క ఊపులో అయిపోయింది. అప్పుడు అద్భుతంగా ఉన్నట్టనిపించింది."

కోడలు పెదవి కొరుక్కుంది. లాభం లేకపోయింది, నవ్వు వచ్చేసింది. మాస్టారు ఆమె వంక కోపంగా చూసి, చూస్తూ చూస్తూనే తనూ నవ్వడం మొదలుపెట్టాడు. పైనుంచి చెవులు రిక్కించి వింటున్నవాళ్ళంతా ఆ నవ్వు పట్టుకుని మెట్లు దిగారు. మామగారు అందరికన్నా వెనకాల వచ్చి, మాస్టారి పక్కన కుర్చీ వేసుకుని, ఆయన భుజం మీద ఓ చెయ్యి పడేశాడు. క్షమాపణ అడగడం ఆయనకి రాదు, అంతవరకే వచ్చు.

"విప్పి మళ్ళీ కుట్టరా," అన్నాడు. "నీకది కొత్తా?"

ఆ సాయంత్రం మొదలుకుని చాలా సాయంత్రాలు హాల్లో అదే పని. బల్లలు కలిపి, కాగితాలు పరిచి, రెండో సగాన్ని విప్పారు. చినుకు గ్లాసులు నిండుతూ, ఖాళీ అవుతూ ఉండేవి. మాట మీద మాట వచ్చినా, ఎవరి మాటా తప్పిపోయేది కాదు. ముందు అన్నదానికీ తర్వాత అన్నదానికీ లంకె ఉండేది. పళ్ళ డాక్టరు ఓ రోజు, కట్టుడు పళ్ళు ఐస్‌క్రీములో పోగొట్టుకున్న పెళ్ళికొడుకు కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. కోడలు చివరిదాకా వింది. ఆ ముగింపు కోసం ఇన్నేళ్ళు ఆగినా నష్టం లేదనిపించింది.

అత్తగారు మొదట గుమ్మంలో నిలబడేది. తర్వాత గుమ్మం పక్క కుర్చీలో. ఆ తర్వాత ఓ గ్లాసు, దాని తర్వాత ఇంకోటి. అలా రెండో గ్లాసు మీద ఉన్న రోజునే ఆవిడ నోరు విప్పింది.

"నాకు సంగీతం తెలీదు గానీ, ఆ ముగింపుకి ముందు డ్రమ్ము కాసేపు ఊరుకుంటే బాగుంటుంది."

హాలంతా మామగారి వంక తిరిగింది.

"ఊరుకోవడమా? నేనా?"

"మీరే. కర్ర ఎత్తి పట్టుకుని ఊరుకోండి. అందరూ ఆగాలి. తర్వాత ఒక్కటి వెయ్యండి. ఒక్కటే."

"ఎంతసేపు ఊరుకోవాలి?"

"ఇక ఉండబట్టలేను అనిపించాక ఇంకాసేపు."

మాస్టారు కాగితం మీద వంగి గబగబా రాశాడు. మామగారు నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు గాని, ఆ రాత్రి ఇంట్లో పప్పుగరిటె ఎత్తి పట్టుకుని గోడవైపు చూస్తూ సాధన చేస్తుంటే కోడలు కళ్ళారా చూసింది.

స్టేషను హాలు తెరిచే రోజు రానే వచ్చింది. ఎత్తైన గాజు కప్పు, మెరిసే నేల, పెట్టెలతో వచ్చిన ప్రయాణికులు, చూడ్డానికి వచ్చిన ఊరు. మొదటి సగం ఎప్పటిలాగే అయింది. విరామంలో కోడలు వ్యానులో తెచ్చిన చినుకు పీపా విప్పింది. తనకి మాత్రం పోసుకోలేదు, వ్యాను మళ్ళీ నడపాలి. గ్లాసులు చేతులు మారాయి. వంతెన మీద పరిగెత్తినవాళ్ళు కొందరు జనంలో ఉన్నారని, తలుపులకి దగ్గరగా నిలబడ్డారని ఆమె మొగుడు వచ్చి చెవిలో చెప్పాడు.

రెండో సగం మొదలైంది. కొత్తగా కుట్టిన పాట ఎక్కడా పట్టేయకుండా సాగింది. తలుపుల దగ్గర నిలబడ్డవాళ్ళు ఒక్కో అడుగే లోపలికి వచ్చారు. ముగింపు దగ్గరికి వచ్చేసరికి మాస్టారు రెండు చేతులూ ఎత్తాడు. బ్యాండంతా ఆగింది. మామగారు కర్ర ఎత్తి పట్టుకున్నాడు. హాలంతా నిశ్శబ్దం.

సరిగ్గా ఆ నిశ్శబ్దంలో రైలు కూత పెట్టింది.

ఎక్కడో దూరంగా కాదు, హాలుని ఆనుకున్న ప్లాట్‌ఫారం మీదికే వస్తూ, పొడుగ్గా, గాజు కప్పు అదిరేలా కూసింది. ఇప్పుడు మామగారు కొట్టేస్తాడనుకుంది కోడలు. పిడుగు తాగి ఉంటే రైలుతో పోటీ పడి కొట్టేవాడే. ఆమె ఆయన వంక చూసింది. కర్ర పైనే ఉంది. ఆయన కళ్ళు మాత్రం జనంలో ముందు వరసలో నిలబడ్డ అత్తగారి మీద ఉన్నాయి. అత్తగారు తల అడ్డంగా ఊపింది, ఇంకా కాదు అని. కూత సాగింది, సన్నబడింది, ఆగింది. చక్రాలు కిర్రుమని నిలబడ్డాయి. రైలు ఊపిరి వదిలింది.

అప్పుడు అత్తగారు తల నిలువుగా ఊపింది. మామగారు ఒక్కటి వేశాడు. ఒక్కటే.

చప్పట్లు ఎంతసేపు మోగాయో చెప్పడం కష్టం. రైలు దిగినవాళ్ళు కూడా విషయం తెలియకుండానే కొట్టారు. స్టేషను మాస్టరు పరుగున వచ్చి టైలర్ మాస్టారి చేతులు పట్టుకున్నాడు.

"రైలు కూతతో సహా ఎలా కుదిర్చారండీ? మా రైలు ఎప్పుడొస్తుందో మాకే తెలీదే!"

"సాధన," అన్నాడు మాస్టారు గంభీరంగా. కళ్ళు తుడుచుకుంటూ, దారప్పోగు పడిందన్నాడు.

ఆ తర్వాత చినుకుకి గిరాకీ దానంతటదే వచ్చింది. భోజనాల వేళ వచ్చి మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాల్సినవాళ్ళు, బిడ్డకి పాలు మాన్పించి చాన్నాళ్ళకి బయటికొచ్చిన తల్లులు, చదరంగం ఆడేవాళ్ళు, ముఖ్యంగా ఒక సంగతి తేల్చుకుందామని వచ్చేవాళ్ళు దాన్ని అడిగేవాళ్ళు. పిడుగుని ఎవరూ వదిలేయలేదు. ఆదివారాలు ఎదురెదురుగా కూర్చుని తలా ఒక్క గ్లాసు తాగి, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళి పడుకునేవాళ్ళు. మామగారి బాధల్లా ఇప్పుడొకటే. నిన్న ఏమన్నాడో ఇవాళ అందరికీ గుర్తుంటోంది. మరీ ముఖ్యంగా అత్తగారికి.

కోడలికి మాత్రం మనశ్శాంతి కరువైంది. మామగారు పొద్దున్నే చేతికర్ర పొడుచుకుంటూ కార్ఖానాలోకి వచ్చేసేవాడు. నీళ్ళ వేడి చాల్లేదనేవాడు, పువ్వులు వాసన చూసి తుమ్మేవాడు, చినుకుకన్నా పల్చగా, కానీ దానికన్నా రుచిగా ఇంకోటి కాద్దాం, పేరు తుంపర అని పెడదాం అనేవాడు. అది అసాధ్యం మావయ్యా అని ఆమె పొద్దున వాదించేది, మధ్యాహ్నానికి లెక్కలు వేసుకునేది.

"మీ నాన్నగారితో వేగలేకపోతున్నానండీ," అని మొగుడితో చెప్పుకుంది ఓ రోజు.

"తాళం వేసుకోకపోయావా?" అన్నాడతను.

ఆమె ఆ మాట వినిపించుకోనట్టు, గుండిగ పక్కన ఆయన కోసం వేసిన ఎత్తు స్టూలు మీద కొత్తగా కుట్టించిన మెత్త సర్దింది. తుంపర కోసం పల్చటి బార్లీ నీళ్ళు కొలిచి, పొయ్యి వెలిగించింది.